ముయెని ఏ భాషలో అడిగారు?

బుల్లమ్మది బొబ్బిలి పక్క పల్లె. రైలు పట్టాలు చూసే కీమాన్‌గా పనిచేసే భర్త వెంట, అడవుల్లోని ఇనుప గనులకి పోయే కిరండూల్ లైనుకి వచ్చింది. ఆయన పోయాక గని టౌన్‌షిప్ దగ్గర ఆడపిల్లల ఆశ్రమశాలలో వంటకి కుదిరింది. నోరు పెద్దదని పేరు. ఆ పేరు పిల్లల కోసం తెచ్చుకున్నదే.

సుక్మా అవతల నుంచి వచ్చిన దోర్లా గిరిజన పిల్ల ముయె అప్పుడు ఎనిమిదో తరగతి. ఇంట్లో మాట్లాడేది దోర్లీ, సరిహద్దు తెలుగూ వచ్చు. ఎవరైనా కథ చెప్తే పూస గుచ్చినట్టు తిరిగి చెప్పేది. పుస్తకం ఇస్తే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. ఒకరోజు నగరం నుంచి పిల్లల తెలివి పరీక్షించే ఒకాయన వచ్చి, హిందీలో ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగి, 'మందబుద్ధి' అని రాసిపోయాడు. హెడ్మాస్టరు పిల్లని ఇంటికి పంపేయమన్నాడు.

"ఏటడిగినాడే?" అంది బుల్లమ్మ.

"ఏందో తెల్వదత్తా. ఆ హిందీ నాకు అందలే."

బుల్లమ్మ గరిటెతోనే హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. "దానికి రాని బాసలో అడిగి బుర్ర లేదంటారా? మిమ్మల్ని దోర్లీలో అడిగితే మీకేటి రాస్తారు సారూ?"

"వంటమనిషివి. వంట చూసుకో."

మర్నాడే ముయెని బస్సెక్కించి జగదల్‌పూర్ తీసుకెళ్లింది. అక్కడి మానసిక నిపుణురాలు ఒక దోర్లా నర్సుని పక్కన పెట్టుకుని రెండు రోజులు పరీక్షించింది. రంగు దిమ్మెలు పేర్పించింది. అంకెలు వెనకనుంచి చెప్పించింది. కథ చెప్పి, అరగంట ఆగి, మళ్లీ చెప్పమంది. వాటన్నిటిలో ముయె తన వయసు పిల్లల్ని మించింది. చదవడం దగ్గరే చిక్కంతా.

"తెలివికి లోటు లేదమ్మా. అక్షరాన్ని శబ్దంతో కలపడమే కష్టం. వేరే పద్ధతిలో నేర్పాలి. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించాలి," అని రాసిచ్చింది.

ఆ కాగితం హెడ్మాస్టరు ముట్టుకోలేదు. బుల్లమ్మ పై అధికారి గుమ్మం ముందు మూడు రోజులు కూర్చుని సంతకం పెట్టించింది. రెండేళ్లకి ముయె పదో తరగతి పాసైంది.

అందరూ మెచ్చుకుంటుంటే బుల్లమ్మకి మాత్రం ఒళ్లు మండింది. అదే మాటతో ఇంకెందరిని పంపేశారో అని పాత హాజరుపట్టీ తిరగేసి, అందులో పేరు కొట్టేసి ఉన్న సోమ్లీ అనే పిల్ల ఊరు వెతుక్కుంటూ పోయింది. ఒళ్లో బిడ్డతో కనిపించింది సోమ్లీ.

"మళ్లా చదువుతావే?"

"నేను మందబుద్ధినంట కదత్తా."

"ఎవడన్నాడే ఆ మాట?" బుల్లమ్మ అరిచిన అరుపుకి ఒళ్లో బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.