కుర్చీ అక్షరం

జావాలో ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఓపిక ఎక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు లేదు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా, సిద్దిపేట పాత బస్టాండు దగ్గర బట్టల దుకాణం పైన ఉన్న మా ఒక్క గది ఆఫీసులో, నేను తిట్టని తిట్టు లేదు. తిట్లు తిన్నది మనిషి కాదు, తెర మీద ఎర్రగా వచ్చే ఒక వాక్యం. ఫలానా బీన్, అంటే ప్రోగ్రాంలో ఒక భాగం, కావాలన్నారు, అది దొరకలేదు అని దాని సారాంశం. ఎందుకు దొరకలేదో చెప్పదు. ఎక్కడెక్కడ వెతికిందో అసలే చెప్పదు.

దుబ్బాక వైపు ఒక చేనేత సంఘానికి మేము వెబ్ అప్లికేషన్ చేసి పెట్టాం. నేసేవాళ్ళ పేర్లు అందులో ఎక్కుతాయి, ఒక్కో చీరకు నేసినవాళ్ళ పేరుతో ఒక చీటీ అచ్చవుతుంది. హైదరాబాద్‌లో మేళా ఉంది. చీటీ లేని చీరను అక్కడ పెట్టనివ్వరు. సంఘం వ్యాను నాలుగింటికి మా దుకాణం ముందు ఆగి, చీటీలు తీసుకొని అటే పోతుంది.

ముందు రోజు దాకా అంతా బాగానే ఉంది. బాగున్నదాన్ని ఇంకా బాగుచేద్దామని నాకే దురద పుట్టింది. పేర్లు సరిచూసే కోడ్ రిజిస్ట్రేషన్ పేజీలో ఇరుక్కొని ఉంటే, దాన్ని బయటికి తీసి వేరే సర్వీసుగా పెట్టాను. కొత్తగా రాసిన చీటీల పేజీని దాని మీదే నిలబెట్టాను. ఇప్పుడు పాత కోడ్‌కు వెనక్కి పోదామంటే చీటీల పేజీ మొత్తం పోతుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే.

మేము వాడే పద్ధతిలో ఏ క్లాసూ, అంటే కోడ్‌లో ఏ ముక్కా, తనకు కావలసింది తాను తయారుచేసుకోదు. "నాకు ఇది కావాలి" అని రాసి కూర్చుంటుంది. ఫ్రేమ్‌వర్క్ అనే పెద్దమనిషి మనం చూపించిన ఫోల్డర్లన్నీ తిరిగి, వెతికి, తెచ్చి చేతిలో పెడతాడు. మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు ఇంట్లోవాళ్ళు నూలు కండెలు చుట్టి అందించినట్టు. కండె రాకపోతే మగ్గం ఆగుతుంది. మాది అసలు మొదలే కాలేదు.

చేయని ప్రయత్నం లేదు. సర్వీసు మీద పెట్టాల్సిన గుర్తు పెట్టానా? పెట్టాను. పాత బిల్డ్ అంతా చెరిపి మళ్ళీ కట్టాను. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాను. ఇట్లా కాదని, బీన్‌ను నా చేతులతో తయారుచేసి ఇచ్చే కాన్ఫిగరేషన్ క్లాసు ఒకటి రాసి, ఆ సర్వీసు ఫోల్డర్లోనే పెట్టాను. పెద్దమనిషి దాన్నీ చూడలేదు. కోడ్‌ను సరిచూసే కంపైలర్‌కు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. అన్నీ బాగున్నాయంటుంది, నడపబోతే అదే ఎర్ర వాక్యం. నీ పాడుగాను, ఆ ఫైలు అక్కడే ఉంది కదా, నాకు కనబడుతోంది కదా!

పదిన్నరకు మా సారు ఫోన్ చేశాడు.

"అయ్యిందా అమ్మా?"

"బీన్ దొరకడం లేదు సార్."

"బీన్ అంటే గింజనే కదా? కూరగాయల మార్కెట్‌ల చూడరాదూ," అని తన మాటకు తానే నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను.

పదకొండు గంటలకు ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. సంకలో గుడ్డ సంచి, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో గుర్తింపు కార్డు నకళ్ళు. సంఘం సెక్రెటరీ పంపించాడట, సిద్దిపేట మేడమే చేయాలని. ఆమె పేరు మా అప్లికేషన్లో ఎక్కలేదు. ఆమె పేరులో ఒక 'త' ఉంది. కార్డులో ఇంగ్లీషున దానికి టి పక్కన హెచ్ ఉంది. సంఘం పుస్తకంలో వట్టి టి ఉంది. రెండూ అక్షరం అక్షరం కలవకపోతే తీసుకోకూడదని మా ప్రోగ్రాంలో రూలు.

"అమ్మా, కార్డన్నా మార్పించుకో, పుస్తకమన్నా మార్పించుకో. సిస్టం తీసుకోదు," అన్నాను తెర మీది నుంచి కళ్ళు తీయకుండా.

"నాలుగు నెలల సంది గదే తిరుగుతున్న బిడ్డా. కార్డోళ్ళు పుస్తకం మార్పించుకోమంటరు. పుస్తకమోళ్ళు కార్డు మార్పించుకోమంటరు. ఎవల్నడిగినా సిస్టం తీసుకోదంటరు. గా సిస్టం ఎవలు బిడ్డా? ఏడుంటడు?"

నేను ఇంకో ఫైలు తెరిచాను. ఆ రూలు రాసింది నేనే. సంఘం అడగలేదు, సారు అడగలేదు. గట్టిగా ఉండాలని నా అంతట నేనే రాశాను.

"ఈ ఒక్కసారికి మీ ఆయన పేరు మీద పంపించరాదా?"

"ముప్పయేండ్ల సంది గదే ఒక్కసారి నడుస్తుంది," అంది. "ఆయన మగ్గం ఇడిచిపెట్టి ఎన్నడో అయ్యింది. నేసేది నేను, చీటీ మీద పేరు ఆయనది. గీ చీర మీద నా పేరు రావాలె. రాకుంటే మల్ల ఇంటికే తీస్కపోత, మేళకు పంప."

సంచి విప్పి చూపించింది. ముదురు ఆకుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు. నేను చూశానని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. తల ఊపి, మళ్ళీ ఎర్ర వాక్యం వైపు తిరిగాను. ఎవరి పేరు ఎక్కాలన్నా ముందు ఈ దరిద్రం లేవాలి కదా! "అందరి చీటీలూ ఆగిపోయినయమ్మా, మీ ఒక్కరిదే కాదు. జర ఆగండి," అన్నాను. ఆమె ఆగింది, నా కుర్చీ వెనక, నిలబడి. గదిలో ఉన్న రెండో కుర్చీ నిండా కాగితాల కట్టలు.

పన్నెండు, ఒంటిగంట, రెండు. ఇంటర్నెట్‌లో నాలాగే ఏడ్చినవాళ్ళ ప్రశ్నలు చదివాను, వాళ్ళకు దొరికిన జవాబులన్నీ పెట్టి చూశాను. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. తల ప్రాణం తోకకు వచ్చింది. సారు మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడు కావస్తుంటే బల్ల మీద చెయ్యి కొట్టి, "ఉన్నదాన్ని లేదంటదేందీ!" అని గట్టిగానే అరిచాను.

వెనక నుంచి ఆమె నెమ్మదిగా అడిగింది. "బిడ్డా, నాకు చదువు రాదు గని, ఒక్కటి అడగనా?"

"ఏంది?"

"పొద్దుగాల సంది గీ ఎర్రగీతనే వస్తుంది. గీ మాటా గా మాటా ఒక్కటేనా?"

ఆమె వేలు తెర మీద రెండు చోట్ల ఆనింది. రెండూ ప్యాకేజీ పేర్లు, అంటే మా ఫోల్డర్ల పేర్లు. రెంటినీ నేను 'చేనేత' అనే చదువుకుంటున్నాను.

"ఒక్కటేనమ్మా."

"ఒక్కటెట్లయితది? గీడ రెండు కుర్సీలున్నయి, గాడ ఒక్కటే ఉన్నది."

"కుర్సీ ఏందమ్మా?"

"గిదీ!" అని గోరుతో చిన్నక్షరాల హెచ్ మీద కొట్టింది. "గీ అక్షరం. కుర్సీ తీర్గ ఉంటది సూడు, ఈపు ఆనిచ్చేది, కూసునేది, రెండు కాళ్ళు. నాలుగు నెలల సంది నా పేర్ల గిది ఉన్నదా లేదా అని ఎన్ని కాగితాలు సూసిన్నో. ఏ అక్షరం ఎరుక లేకున్నా గిది ఎరుకే."

చూశాను. మళ్ళీ చూశాను. అప్లికేషన్ మొదలుపెట్టినాయన, ఇప్పుడు వేరే ఉద్యోగానికి పోయాడు, 'చేనేత'ను ఇంగ్లీషులో వట్టి టితో రాశాడు. నిన్న నేను కొత్త ఫోల్డర్ పెడుతూ, చిన్నప్పటి నుంచి మా బడిలో అందరం రాసినట్టు, 'త' అంటే టి హెచ్ అని రాశాను. 'చే'లో ఎట్లాగూ ఒక హెచ్ ఉంది; పెద్దమనిషికి చూపించింది ఆ ఒక్క హెచ్ ఉన్న ఫోల్డర్. నా సర్వీసూ, దాన్ని కాపాడటానికి రాసిన కాన్ఫిగరేషనూ రెండు హెచ్‌లు ఉన్న ఫోల్డర్లో కూర్చున్నాయి. పెద్దమనిషి ఆ గుమ్మం తొక్కనే లేదు. రెండు పేర్లూ పొద్దుటి నుంచి ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి. నా కళ్ళు చదవలేదు, నా నోరు చదివింది.

"సంకల పోరడ్ని పెట్టుకొని ఊరంత దేవులాడినట్టయ్యింది నీ కథ," అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫోల్డర్ పేరులోంచి ఒక హెచ్ చెరిపాను. నడిపాను. అప్లికేషన్ లేచి కూర్చుంది. ఆరు గంటల రోగం ఒక్క నిమిషంలో పోయింది.

"అయ్యిందా?"

"అయ్యిందమ్మా."

"గంతేనా? గింత జల్దీనా?" ఆమె నవ్వు ఆగిపోయింది. "గా కుర్సీ తీసేసినందుకు నిన్ను కాగితం ఎవ్వలడగరా? సంతకం కావాలనరా?"

ఎవరూ అడగరు. నా తప్పు నేను ఒక్క మీటతో చెరుపుకుంటాను. ఆమె చేయని తప్పుకు నాలుగు నెలలుగా ఆఫీసు కిటికీలు పట్టుకొని తిరుగుతోంది. అందులో ఒక కిటికీ నాదే. సిస్టం ఎవరని ఆమె అడిగినప్పుడు నేను ఆమెకు వీపు చూపించి కూర్చున్నాను.

పేర్లు సరిచూసే సర్వీసు తెరిచాను. అక్షరం తేడా వస్తే తోసిపుచ్చే రూలు తీసేశాను. తేడా వస్తే రెండు పేర్లూ పక్కపక్కన సెక్రెటరీకి చూపించి, మనిషి ఒక్కరేనా అని అడిగేట్టు రాశాను. పది లైన్లు కూడా కాలేదు. సెక్రెటరీకి ఫోన్ చేసి, మీ ఫోన్లో తెరిచి చూడండి అన్నాను. "ఆమెనే మేడం, గామె ఎవలకు ఎరుక లేదు!" అన్నాడు, 'అవును' నొక్కాడు.

మూడూ నలభైకి చీటీలు వరుసగా అచ్చవుతున్నాయి. ఆమెది అన్నింటికన్నా చివర. చీటీ మీద ఏ పేరు వేయాలో ప్రోగ్రాం అడుగుతోంది, కార్డులో ఉన్నదా, పుస్తకంలో ఉన్నదా అని. ఇంతసేపూ ఆమెకు వీపు పెట్టే మాట్లాడాను, ఈసారి ఆమె వైపు తిరిగి అడిగాను.

"అమ్మా, నీ పేరుకు కుర్సీ ఎయ్యాల్నా, వద్దా?"

ఆమె సంచిని ఒక సంక నుంచి ఇంకో సంకకు మార్చుకుంది.

"ఎయ్యి బిడ్డా," అంది. "నాలుగు నెలల సంది నిలవడే ఉన్న."

కార్డులో ఉన్న పేరు నొక్కాను. తరువాత లేచి, రెండో కుర్చీ మీదున్న కాగితాల కట్టలు ఎత్తి కింద పెట్టాను. పదకొండు గంటలకే చేయాల్సిన పని అది.