గొంతువాపు ముసలమ్మను పడుకోబెట్టిన సాయంత్రం

కెనడాలోని హాలిఫాక్స్‌లో మా అమ్మాయి ఆసుపత్రి డ్యూటీలకు వెళ్తుంటే, నేను ఒక చిన్న మ్యూజియంలో క్లీనింగ్ పనికి వెళ్లేదాన్ని. ఆ ఏడాది కాలేజీల నిండా మన పిల్లలే. బస్సెక్కితే ఏ మూలనుంచో తెలుగు వినబడేది. మ్యూజియం గదుల్లో కాపలా ఉండే పార్ట్‌టైం పని, వరంగల్ వైపు నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయిది. యాభై దాటాక, అదీ తెలుగు అక్షరాలే నేర్చుకున్నదాన్ని నేను. గోడల మీది ఇంగ్లీషు అట్టలు ఆ పిల్లే చదివి చెప్పేది.

ఇటలీ నుంచి బొమ్మలు వచ్చాయి. రెండున్నర వందల ఏళ్ల కిందట నేపుల్స్‌లో క్రీస్తు పుట్టుకను చూపడానికి పేర్చుకున్న కొలువు అది. తలలు కాల్చిన మట్టి, కళ్లు గాజు, ఒళ్లు తీగకు చుట్టిన నారపీచు, పైన అసలు పట్టు. పసివాడు ఒక మూల ఉంటే మిగతాదంతా బజారే. చేపలవాడు, పళ్లబుట్టలు, మెడ కింద నిమ్మకాయంత వాపుతో ఒక ముసలమ్మ.

"అప్పట్ల అక్కడ డాక్టర్లు శవాలు కోసి చూసి నేర్చుకునేటోళ్లట ఆంటీ. బొమ్మలోళ్లు గూడ రోగాన్ని దాచకుండ ఉన్నదున్నట్టు చేసిన్రట."

"మా అత్తగారికీ అచ్చం ఇలాగే ఉండేది."

"ఆమెను గూడ పెట్టాల్సుండె కొలువుల!"

ప్రదర్శన ముగిసిన సాయంత్రం, మర్నాటి ప్యాకింగ్ కోసం అద్దాల పెట్టె మూత తీసేశారు. మేనేజర్ పిలిస్తే ఆ పిల్ల పక్కగదిలోకి వెళ్లింది. నేను నేల తుడుస్తున్నాను. మా ఇంట్లో దసరా కొలువు ఎత్తేముందు, పండగ ముగిసిందన్న గుర్తుగా ఒక బొమ్మనైనా పడుకోబెడతాం. మిగతావి ఆ తర్వాతే తీస్తాం. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. ముసలమ్మను మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, బకెట్ తీసుకుని వెళ్లిపోయాను.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆ పిల్ల మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"ముసలిది పడిపోయిందట ఆంటీ. మెడ మీద పగులున్నది. నా డ్యూటీలనే పడ్డదంటున్నరు. మంచిగ పనిచేసిందని మేనేజర్ లెటర్ ఇయ్యకుంటే నాకొచ్చే ఫుల్‌టైం జాబ్ పాయె."

"పడలేదే తల్లీ. నేనే పడుకోబెట్టాను."

"పడుకోబెట్టిన్రా! అదేమన్న చంటిపిల్లనా?" అంది. అంతలోనే గొంతు తగ్గించింది. "నాతోని అన్నరు సరే, ఇంకెవలితోని అనకండి. మీ పని పోతది."

నాకు నా పనికంటే ఆ మెడ బెంగ ఎక్కువైంది. దించుతున్నప్పుడు టిక్కుమని చప్పుడైందా? కాలేదనుకుంటే కాలేదు. అయిందనుకుంటే అయినట్టే వినబడింది. ఇంతకీ మెడ కింద చెయ్యి ఆనించానా లేదా?

ఇంగ్లీషులో చెప్పడానికి ఆ పిల్లనే వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆమె విని, జరిగింది రాసిమ్మంది. తెలుగులో నాలుగు వాక్యాలు రాశాను. ఆ పిల్ల కింద ఇంగ్లీషులో రాసిచ్చింది. బొమ్మలు వచ్చిన రోజున ప్రతిదానికీ ఫొటో తీసి, ఉన్న దెబ్బలన్నీ రాసిన ఫైలు ఒకటుంది. మేనేజర్ ఒక్కో పేజీ తిప్పుతోంది. చేపలవాడు. దేవదూత. మేకలు. అంత నెమ్మదిగా కాగితాలు తిప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ముసలమ్మ పేజీ వచ్చింది. ఫొటోలో వాపు పక్కనే వెంట్రుకంత పగులు కనిపించింది. వచ్చేటప్పటికే ఉందన్నమాట. ఆ పిల్ల నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది.

తాకడం మాత్రం తప్పే అన్నారు. నన్ను ఆ గది నుంచి తీసేసి వరండాలు తుడవమన్నారు. ఆ పిల్లకు లెటర్ వచ్చింది.

మధ్యాహ్నం వరండాలోంచి చూస్తే ప్యాకింగ్ పెట్టెలు తెరిచి ఉన్నాయి. మెత్తని కాగితాల మధ్య చేపలవాడూ, దేవదూతా, ముసలమ్మా అందరూ వెల్లకిలా పడుకుని ఉన్నారు.