అన్నయ్యను కూర్చోబెట్టిన అధ్యక్షురాలు

మా పెరిన్‌బ్రూక్‌లో విల్లా ప్రౌటీ చేతి వంట తినకుండా పెద్దయినవాళ్లు తక్కువ. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. పొట్టి మనిషి, కానీ వంటగదిలో పిలిస్తే ఆటస్థలం చివరిదాకా వినిపించేది. ఆ గొంతే ఆవిడను ఊరి సభకు అధ్యక్షురాలిని చేసింది. ఒక మార్చిలో పాత అధ్యక్షుడికి జలుబు చేసి మాట పెగల్లేదు. పాపం, ఆయన చేతులూపుతూ నిలబడితే వెనక వరసలోంచి ఎవరో విల్లాను పిలవమన్నారు. నవ్వుతూనే ఎన్నుకున్నారు. ఆ తర్వాత ఏటా ఎన్నుకుంటూనే వచ్చారు.

అమెరికాలోని మా వెర్మాంట్ రాష్ట్రంలో ఇలాంటి చిన్న ఊళ్లకు ఆ సభే శాసనసభ. మంచు ఇంకా కరగని మార్చిలో ఓటున్నవాళ్లందరం బడి హాల్లో చేరి, రోడ్లకెంత, ఫైరింజనుకెంత అని తేలుస్తాం. తేల్చినదాన్ని అమలు చేయడానికి మేం ఎన్నుకున్న ముగ్గురు సభ్యుల బోర్డు ఉంటుంది. ఎవరి పక్షమూ పట్టకుండా అందరికీ మాట్లాడే వంతు ఇవ్వడం విల్లా పని.

ఒకసారి బడిపిల్లలు దేశంలో అందరికంటే పెద్ద ప్రెసిడెంటేనా అని ఆవిడను అడిగారు.

"మన వంటగదిలో చూడండి. ఏం వండాలో ఒకరు చెప్తారు. వండి వడ్డించేది ఇంకొకరు. మాడిందో లేదో తేల్చేది మూడోవాళ్లు. ఆ మూడు పనులూ నేనే చేస్తే మీకు మాడిన కూడే గతి. మన రాజ్యాంగం రాసినవాళ్లు ఇంగ్లండు రాజుగారి కింద ఆ మాడిన కూడు తిని విసిగిపోయినవాళ్లే" అంది విల్లా.

ఒక వేసవిలో వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఇళ్లకు దారి తెగిపోయింది. విల్లా ఇల్లూ అటే. బోర్డు పెద్ద నోరిస్, విల్లాకు సొంత అన్న. అతను సభ పిలవలేదు, ఎవర్నీ అడగలేదు. పనివాళ్లను పిలిపించి, తానూ మోకాలి లోతు బురదలో నిలబడి, శరత్తులో ఆకులు ఎర్రబడేలోపే కొత్త వంతెన వేయించాడు. ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది.

మరుసటి మార్చి సభలో నోరిస్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఇకమీదట ఏ ఖర్చుకైనా బోర్డు సభ అనుమతి కోసం ఆగనక్కర్లేదని దాని సారాంశం. చప్పట్లు మోగాయి. అప్పుడు ఆబ్నర్ ట్యూక్స్‌బరీ లేచాడు. మేపుల్ చెట్ల రసాన్ని తీపి పాకంగా కాచి అమ్ముకునే ముసలాయన. ఏటా ప్రతిదానికీ అడ్డం చెప్పడం ఆయనకు అలవాటు. హాలంతా ఉసూరుమంది. కూర్చోవయ్యా, ఇళ్ల నుంచి తెచ్చుకున్న తిండి చల్లారిపోతోంది అని అరిచారు కొందరు.

"ఓటింగ్ పెట్టెయ్యవే విల్లా. అందరి మనసూ తెలిసిందేగా" అన్నాడు నోరిస్.

విల్లా చెక్క సుత్తితో బల్ల మీద కొట్టింది. "సభలో ఒసేయ్, ఏమే అనడాలు లేవు. అధ్యక్షురాలు గారూ అనాలి. ఆబ్నర్ గారు మాట్లాడేదాకా ఓటింగ్ లేదు."

"నీ ఇంటికి దారి వేసింది నేనే."

"వేశావు అన్నయ్యా. ఆ దారినే వచ్చి ఇక్కడ నిలబడ్డాను. ఇక కూర్చో."

హాలు నవ్వింది. నోరిస్ చెవులు ఎర్రబడ్డాయి. కూర్చున్నాడు.

"నోరిస్ మంచోడే. వంతెనా బాగుంది, నా బండి రోజూ దానిమీదే వెళ్తోంది" అన్నాడు ఆబ్నర్. "కానీ మనం పెత్తనం ఇస్తున్నది నోరిస్‌కి కాదు, ఆ కుర్చీకి. రేపు దాంట్లో ఎవరు కూర్చుంటారో మీకు తెలుసా? నేనే కూర్చుంటే?"

వెంటనే ఎవరో "వద్దు బాబోయ్" అన్నారు. కానీ ఆ మాట అందరికీ తగిలిందని ముఖాలు చూస్తే తెలిసింది.

ఓటింగ్ మధ్యాహ్నానికి వాయిదా వేసి అందరం భోజనాలకు లేచాం. అక్కడ నోరిస్ చెల్లెలి వైపు రాలేదు. ఆవిడ వండి తెచ్చిన బీన్స్ ముట్టుకోలేదు. వాడికి కోపమొస్తే చిన్నప్పట్నుంచీ అంతే అని నాతో తేలిగ్గా అంది గానీ, ఆవిడ చూపంతా అటే ఉంది.

మధ్యాహ్నం జోసీ లామరో అనే పశువుల డాక్టరు ఒక సవరణ చెప్పింది. విపత్తు వస్తే మాత్రమే బోర్డు సభను అడగకుండా వెంటనే ఖర్చు పెట్టవచ్చు, కానీ నెలలోపు సభ పిలిచి ఆమోదం తీసుకోవాలి. ఇది సవరణ కాదు, కొత్త విషయం, ముందుగా చెప్పకుండా చర్చకు రాకూడదు అని విల్లా తోసిపుచ్చింది.

"మీ నిర్ణయం నాకు సమ్మతం కాదండీ. సభనే అడగండి" అంది జోసీ.

అలా అడిగే హక్కు ఎవరికైనా ఉంది. కానీ విల్లా మీద ఎవరూ ఎప్పుడూ వాడలేదు. ఆవిడ ముఖం కందిపోయింది. అయినా తన నిర్ణయం సరైనదే అనుకునేవాళ్లు చేతులెత్తమంది. లేచినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సవరణ వద్దనుకునే నోరిస్ చెయ్యి వాటిలో అందరికంటే పైకి లేచింది. వద్దు పొమ్మన్న చేతులతో హాలు నిండిపోయింది.

విల్లా నవ్వేసింది. "సరే, ఓడిపోయాను. ఊరు నాకంటే పెద్దది. జోసీ, నీ సవరణ మళ్లీ చదువు."

సవరణతోనే ప్రతిపాదన నెగ్గింది. ఆబ్నర్ దానికీ వ్యతిరేకంగానే ఓటేశాడు.

సాయంత్రం కుర్చీలు మడుస్తుంటే నోరిస్ వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. "నన్ను కూర్చోబెడితే కూర్చోబెట్టావు. నిన్నూ కూర్చోబెట్టారుగా" అన్నాడు. ఆ తృప్తితో కోపం పోయినట్టుంది. ఇద్దరూ కలిసే ఇంటికి వెళ్లారు.

మోకాళ్ల నొప్పులంటూ విల్లా సభ నడిపే పని మానేసి కొంతకాలమైంది. ఇప్పుడు జోసీ అధ్యక్షురాలు. విల్లా మూడో వరసలో మాతోపాటే కూర్చుంటుంది. ఇన్నేళ్లూ బయటికి చెప్పకుండా దాచుకున్న అభిప్రాయాలన్నీ ఇప్పుడు చెబుతోంది. మొన్న మార్చిలో, మంచుకు బళ్లు జారకుండా రోడ్ల మీద ఇసుక చల్లే విషయమై ఎంతకీ ఆపకపోతే, మీ వంతు అయిపోయిందని జోసీ చెప్పాల్సి వచ్చింది. విల్లా "చిత్తం, అధ్యక్షురాలు గారూ" అని కూర్చుంది. కూర్చుని, మిగతాది నా చెవిలో చెప్పింది.