సైలెన్సరుకు గంధం

ఆ రోజుల్లో దారులకు తొందర తెలియదు. తొంభైల మొదట్లో కోవిల్‌పట్టి నుంచి విరుదునగరానికి అగ్గిపెట్టెల లోడు తోలేవాణ్ణి. పత్తి చేల మధ్య ఎండమావులను తరుముకుంటూ పోతుంటే, చేరేసరికి ఒక కల కని లేచినట్టుండేది. (నిద్రపోతూ తోలానని అనుకునేరు, నా కళ్ళు తెరిచే ఉండేవి, ఒకటి రెండుసార్లు తప్ప.) ముప్పై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. మనసంతా మేనమామ కూతురి మీదే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న మామకు అభ్యంతరం లేదు. నాకు పని వచ్చా రాదా అని అత్తకే అనుమానం. ఒకరోజు సరుకు దింపించుకోవడానికి మామ ముందే బస్సులో విరుదునగరం వెళ్ళాడు. అక్కడున్న తన చెల్లెలిని చూడాలన్న వంకతో అత్త నా లారీ ఎక్కింది. అది పరీక్షేనని ఇద్దరికీ తెలుసు.

సాత్తూరు దాటగానే బండి మూలగడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా నత్తనడకే. అప్పుడు నడిరోడ్డు మీద ఇంజను మొత్తం విప్పి, ముక్కముక్కా తుడిచి బిగించానని మనవళ్ళకు చెబుతుంటాను. నిజానికి నేను విప్పింది నా చొక్కా ఒక్కటే. స్పానరుతో అక్కడా ఇక్కడా తట్టి, "డీజిలు పంపుకు గాలి పట్టింది అత్తా" అన్నాను.

"గాలి పట్టిండేది పంపుకా, నీకా?" అని అత్త బండి వెనక్కి నడిచింది. "ఏమప్పా, నీ బండి పొగలో గుడి వాసన వస్తాండాది?"

ఆ వాసన ఎక్కడిదో నాకు వెంటనే తెలిసిపోయింది. ఫ్యాక్టరీలోకి వచ్చే లారీల సైలెన్సరు మూతికి, నిప్పురవ్వలు ఎగరకుండా ఇనుప జాలీ బిగించాలి. వారం వారం దాన్ని విప్పి మసి దులపాలి. నేనేమో అత్త కంట భక్తిమంతుడిగా పడాలని, ప్రతి శుక్రవారం హెడ్‌లైట్లతోపాటు ఆ జాలీకీ గంధం మెత్తి కుంకుమ పెట్టేవాణ్ణి. గంధం మీద మసి, మసి మీద గంధం, వేడికి కాలి అట్ట కట్టింది.

"పొగ పొయ్యేదానికి దావ లేకుంటే స్టవ్వే మండదు, లారీ యాడ కదుల్తాది? విప్పు సామీ!"

అది చల్లారేదాకా వేపనీడలో కూర్చున్నాం. కాలిన గంధం వాసనతో మధ్యాహ్నమంతా మగతగా ఉంది. అత్త కొప్పులోంచి పిన్ను తీసి, స్టవ్వు బర్నరును బాగుచేసినట్టు కన్నం తరవాత కన్నం పొడుస్తూ పోయింది. ఆమె చెప్పినచోటల్లా నేను ఇసుకతో తోమాను. తెరుచుకున్న ప్రతి కన్నంలోంచీ ఎండ దిగి ఆమె చీర మీద చుక్కచుక్కగా మెరిసింది.

జాలీ బిగించగానే బండి ఉరికింది. అత్త మాత్రం దారి పొడుగునా నా వైపు తిరగకుండా పత్తి చేలే చూస్తూ కూర్చుంది. పెళ్ళి తప్పిపోయిందని నిశ్చయించుకున్నాను.

గోడౌను దగ్గర మామ అడిగాడు: "ఏమే, వీనికి బండి పని తెలుసునా?"

"బండి పని ఒగటీ తెలీదు," అంది అత్త. నేను నేలచూపులు చూశాను. "చెప్తే వింటాడు. మన బిడ్డకు అది చాలు."

ముఖమంతా మసితో పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. ఇప్పుడు అత్త లేదు. ఆ గోడౌను వాకిట్లో, పరీక్ష తప్పి పెళ్ళికొడుకైన ఆ వెర్రివాడు కళ్ళముందు నిలిస్తే, ఈ వయసులో నాకు వాడంటే కాస్త అసూయగానే ఉంటుంది.