గౌసియా టీచరు దురద

హనుమకొండలో ధర్మసాగర్ బస్సు ఎక్కిన గౌసియా బేగం పక్కన కూర్చోవడానికి తెలిసినవాళ్లు కాస్త వెనకాడతారు. ఆమె మంచిదే. భయమంతా ఆమె ఒళ్లో ఉండే టిఫిన్ డబ్బాతోనే. ఒకరోజు అందులో నత్త ఉంటుంది, ఇంకోరోజు వానపాము, మరోరోజు వెల్లకిలా పడున్న బొద్దింక. అన్నం డబ్బా వేరే ఉందని ఆమె ఎంత చెప్పినా నమ్మేవాళ్లు లేరు. ఆమె ధర్మసాగర్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. జంతువులను బొమ్మల్లో చూపిస్తే పిల్లల తలకెక్కదని ఆమె పట్టుదల.

"ముందుగాల వెన్నెముక ఉన్నదా లేదా చూడాలె" అంటూ మొదలుపెడుతుంది. ఉన్నవన్నీ ఒకవైపు: చేప, కప్ప, పాము, పిట్ట, మనిషి. లేనివి ఇంకోవైపు, అసలు జనాభా అంతా అక్కడే. పేరు చూసి మోసపోవద్దని మరీ మరీ చెబుతుంది. స్టార్ ఫిష్ చేప కాదు, జెల్లీ ఫిష్ చేప కాదు, పాత పుస్తకాల్లో పరుగెత్తే సిల్వర్ ఫిష్ అయితే ఈత కూడా ఎరగదు. తిమింగలం చేపలా ఈదుతుంది గానీ పిల్లకు పాలిస్తుంది. ఈ పాఠం చెప్పేటప్పుడు ఆమెకు బెల్లు వినబడదు.

అయితే ఆ డబ్బాలోకి ఎన్నడూ ఎక్కని ప్రాణి ఒకటుంది. అది రొయ్య. రిజర్వాయర్ కట్ట మీద చేపలమ్మే చిలుకమ్మ గంపలో దొరికేదే. గౌసియా దాన్ని కొని ఇంటికి తీసుకుపోతుంది తప్ప బడికి తేదు.

నెక్కొండలో ఆమె పుట్టింట్లో రొయ్య తినరు. నీళ్లలో ఉండేవాటిలో చేప ఒక్కటే తినాలి, రొయ్య చేప కాదు అనేది వాళ్ల నాన్న నియమం. మెట్టినింట్లోనూ చేప ఒక్కటే తింటారు, కాకపోతే మామ జలాల్ రొయ్య కూడా చేపే అని తేల్చేసి, బతికినన్నాళ్లూ హాయిగా తిన్నాడు. ఈ విషయంలో మతం చదివిన పెద్దల్లోనే రెండు మాటలున్నాయి కాబట్టి ఎవరిల్లు వారిది. పాపం కొత్త కోడలు ఏం చేస్తుంది? జంతుశాస్త్రం చదివొచ్చి కూడా మామతో వాదించలేక, నాన్న మాట దాటలేక, "నాకు రొయ్యలు పడయి, దురదలొస్తయి" అంది. ఆ దురద ఇవాళ్టికీ తగ్గలేదు.

మామ పోయాడు. అత్త ఖాసింబీ ఈమధ్య జ్వరంతో దవాఖానలో ఉండి వచ్చింది, నోరు చచ్చిపోయింది. జావ వద్దంది, కోడికూర వద్దంది. చింతచిగురుతో రొయ్యలు వండితేనే నాలుగు ముద్దలు లోపలికి పోతున్నాయి. ఆ నాలుగు ముద్దలతోనే మనిషి తేరుకుంటోంది. అత్తంటే గౌసియాకు ప్రాణం.

ఆ రోజు క్లాసులో యమున అనే పిల్ల లేచి అడిగింది. "టీచర్, మరి రొయ్య ఏంది?"

ఆ క్లాసులోనే గౌసియా కూతురు మెహనాజ్ కూడా కూర్చుంది. కానీ బల్ల ముందు నిలబడి తప్పు చెప్పడం ఆమెకు చేతకాదు.

"చేప కాదు. వెన్నెముక లేదు, కాళ్లకు కీళ్లుంటయి. బొద్దింకకు చుట్టం" అనేసింది.

తిరిగొచ్చే బస్సులో, ఇంట్లో ఈ మాట ఎత్తవద్దని కూతురికి చెబుదామనుకుంది. చెప్పిన పాఠాన్ని దాచుకొమ్మని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఊరుకుంది.

రాత్రి అన్నానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నారో లేదో మెహనాజ్ అందుకుంది. "దాదీ, నీకు తెల్సా? రొయ్య చేప కాదంట. బొద్దింకకు చుట్టమంట. అమ్మీనే చెప్పింది."

ఖాసింబీ చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. ఆ నాలుగు ముద్దలు కూడా పోయినట్టేనని గౌసియా ప్రాణం ఉసూరుమంది.

"నిజమేనా బిడ్డా?"

పిల్లకు సరిగా అర్థం కాలేదని అంటే సరిపోయేది. మెహనాజ్ తల్లి వంకే చూస్తోంది.

"నిజమే అత్తమ్మా. చేప కాదు." గౌసియా తల వంచుకుంది. "మామయ్య లెక్క వేరే. అది పెద్దలు చెప్పిన లెక్క. మీరు తినుండ్రి. మీరు తినకపోతే నాకు పానం ఒప్పది."

ఖాసింబీ కోడలి పళ్లెం వంక చూసింది. అందులో పప్పన్నం ఉంది.

"అయితె నీకు దురద లేదు, ఏం లేదు."

"లేదత్తమ్మా. చేప కాదని మా నాయిన తినొద్దన్నడు."

"ఇన్నేండ్ల సంది వండి పెడుతున్నవ్. నోట్లె ఏసుకోకుంట ఉప్పు ఎట్ల సరిపోతాందే?"

గౌసియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు తొలి ముద్ద తినేటప్పుడు మీ మొఖం చూస్త. దాన్నిబట్టి మల్లసారి ఏస్త."

ఖాసింబీ పప్పు గిన్నెను కోడలి దగ్గరికి జరిపింది.

"ఆయన చేప అన్నడు. నేను ఆయన మాట మీద తింట" అంది. "నువ్వు మీ నాయిన మాట మీద ఉండు. దురద ముచ్చట మాత్రం ఇంకోసారి నా ముంగట తియ్యకు."

ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగింది. తల వంచుకునే ఉన్న కోడలిని చూసింది.

"ఇయ్యాల ఉప్పు జర తక్కువైంది. తలకాయ లేపు. నా మొఖం చూడకుంటె రేపు ఎట్ల వండుతవ్?"