దత్తత కోసం వచ్చి గార్డియన్లయ్యారు

1984లో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, గుంటూరులో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాగా చేరాను. చదివింది పాలిటెక్నిక్. టైపు వచ్చు, ప్రతిదీ అంకెలు వేసి రాసుకునే అలవాటుంది. మొదటి నెలలోనే బడిపంతులు దేవదాసు మాస్టారు, ఆయన భార్య కరుణమ్మ గారు నాలుగేళ్ల సునీతను వెంటబెట్టుకొచ్చారు. కరుణమ్మ గారి చెల్లెలి కూతురు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు.

"దత్తత కాయితం రాయించండి. రేపెవరైనా వచ్చి పిల్లను ఇచ్చెయ్యమంటే నేను బతకలేను," అన్నారావిడ.

పాత నమూనా చూసి, అందులోని హోమం మాటలతో సహా గంటలో టైపు చేశాను. వకీలు గారు చదివి కళ్లజోడు తీశారు.

"ఏమయ్యా ఇంజనీరూ, చర్చిలో పాటలు నేర్పే మాస్టారి చేత దత్త హోమం చేయించావే! పురోహితుణ్ణి కూడా నువ్వే మాట్లాడావా?"

హిందువుల దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. వాళ్లకున్న దారి గార్డియన్ పిటిషన్, అంటే పిల్ల సంరక్షణ తమకు అప్పగించమని జిల్లా కోర్టును అడగడం. తేడాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. దత్తతలో పిల్ల ఆ ఇంటి బిడ్డే అవుతుంది. ఇంటిపేరూ వారసత్వమూ అక్కడివే, రద్దు చేసుకోవడం ఉండదు. గార్డియన్‌ది పెంచే బాధ్యత. అదీ కోర్టు అదుపులో, పిల్లకు ఇరవై ఒకటి నిండేవరకే. ఇంటిపేరు మారదు. ఆస్తి ఇవ్వాలంటే వీలునామా రాయాల్సిందే.

"అంటే నేను అమ్మను కాను, కాపలాదాన్నా?" అన్నారు కరుణమ్మ గారు. అయినా సంతకం పెట్టారు.

పిటిషన్ వేస్తే దగ్గరి బంధువులకు నోటీసు వెళ్తుంది. అది అందుకుని సునీత నాయనమ్మ సింగరాయకొండ నుంచి బస్సెక్కి నేరుగా మా ఆఫీసుకే వచ్చింది.

"నా కొడుకు బిడ్డను దత్తత తీసుకుంటారంటగా! ఇవ్వను. జడ్జి గారి ముందైనా ఇదే చెప్తా."

"దత్తత కాదు మామ్మా. తండ్రి పేరు తండ్రిదే ఉంటుంది," అన్నాను.

"ఇంటిపేరో?"

"మీదే."

"మరి నేను చూట్టానికొస్తే గుమ్మం ఎక్కనిస్తారా?"

"అది కూడా కోర్టు ఉత్తర్వులో రాయించమని అడుగుతాం."

"నా మోకాళ్లతో ఆ పిల్ల వెనక ఎక్కడ పరిగెత్తను? కరుణ దగ్గరే ఉండనీలే," అని సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేసింది.

విచారణ రోజు జడ్జి గారు అభ్యంతరమేమైనా ఉందా అని అడిగారు. "క్రిస్మస్‌కి నా దగ్గరికి పంపాలయ్యా, అంతే," అంది నాయనమ్మ.

"మేమే తీసుకొస్తాం అత్తమ్మా," అన్నారు కరుణమ్మ గారు వెనక నుంచి.

గార్డియన్‌షిప్‌లో కొరతలని నేను రాసుకున్నవే ఆ నాయనమ్మను ఒప్పించాయి. అప్పటినుంచి నమూనా బయటికి తీసేముందు, ఎదుటి పక్షం వాళ్లు ఏం పోతుందని భయపడుతున్నారో అడిగి తెలుసుకుంటున్నాను.