పది ఎత్తుల దాకా ముట్టరాదు

"మంత్రిని ముట్టుకున్నావంటే చెవి మెలేస్తా!"

గురువారం సాయంత్రం నాలుగు దాటిందంటే చాలు, ఆ స్కూలు సైన్స్ ల్యాబ్ కిటికీలోంచి ఈ కేక వినిపించేది. వేసేది ల్యాబ్ అటెండరు. పొద్దుటినుంచీ గాజు గొట్టాలు కడిగి, సీసాలకు మూతలు బిగించి, పిల్లలు పగలగొట్టిన పెంకులు ఊడ్చే మనిషి. టీచర్లు ఆయన్ని "ఏమయ్యా" అంటారు, ఆఫీసువాళ్ళు "అటెండర్" అంటారు. వారానికి ఒక్క గంట, ల్యాబ్ బల్లల మీద చదరంగం పరిచినప్పుడు మాత్రం పన్నెండుమంది పిల్లలు "మాస్టారూ" అంటారు. పదకొండేళ్ళుగా ఆయన బతుకుతున్నది ఆ పిలుపు కోసమే. "ఆ గుర్రాలతో, ఏనుగులతోనే కాపురం చెయ్యండి, మధ్యలో నేనెందుకు" అని భార్య దెప్పేది.

ఆ గంటకే ఎసరొచ్చింది. పెద్ద మేడమ్ పిలిచి, "చూడయ్యా, ఈసారి స్కూళ్ళ పోటీలో ఒక్క కప్పయినా తీసుకురా. లేదంటే గురువారం గంట స్పోకెన్ ఇంగ్లీషుకి ఇచ్చేస్తాను. పిల్లల అమ్మానాన్నలు నన్ను తినేస్తున్నారు" అంది.

కప్పు తేవాలంటే పిల్లలు మాట వినాలి కదా! వినరే! ఎవడో ఫోన్లో చూసి, నాలుగెత్తుల్లో ఆట కట్టించే కిటుకు పట్టుకొచ్చాడు. ఇంకేముంది, అందరికీ అదే పిచ్చి. ఆట మొదలవ్వడం ఆలస్యం, మంత్రిని లాక్కొచ్చి నడివీధిలో నిలబెట్టడమే. "ఒరే, ముందు నడిమి బంట్లు జరపండి. గుర్రాలు బయటికి తియ్యండి, తర్వాత శకట్లు. రాజును ఓ మూలకు చేర్చి ఏనుగును కాపలా పెట్టండి. మంత్రి ముందే బయటికొస్తే చిన్నాచితకా బలగమంతా తరుముతుంది, పారిపోవడానికే ఎత్తులన్నీ అయిపోతాయి" అని గొంతు చించుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చివరికి తనకు బాగా తెలిసిన దారే పట్టాడు. ల్యాబ్‌లో బోర్డు మీద పైన పెద్దక్షరాలతో ఉంటుంది, "ఆసిడ్ సీసా ముట్టరాదు" అని. ఎందుకని ఎవడూ అడగకూడదు. ఎందుకో చెప్పేలోపే చెయ్యి కాలుతుంది. దాని కిందే ఆయన సుద్దముక్కతో రాశాడు: "పది ఎత్తుల దాకా మంత్రిని ముట్టరాదు."

పదకొండుమంది తలలూపారు. పన్నెండోది తొమ్మిదేళ్ళ పిల్ల, అందరూ "ఎందుకమ్మ" అని పిలిచే పిల్ల. చెయ్యెత్తింది.

"ఎందుకు మాస్టారూ? అవతలివాళ్ళు తప్పెత్తు వేసినా ముట్టకూడదా?"

"ఎందుకూ లేదు, గిందుకూ లేదు! చెప్పింది చెయ్!"

మళ్ళీ గురువారం మళ్ళీ అడిగింది. మళ్ళీ తిట్లు తిన్నది. అయిదోసారి కూడా అక్షింతలు పడ్డాక నోరు మూసుకుంది. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నాడాయన, పాపం!

పోటీకి నలుగురు పిల్లల్ని తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికే ముగ్గురు ఓడి, బిస్కెట్ పొట్లాలు చింపుకుంటూ కూర్చున్నారు. ఎందుకమ్మ ఒక్కతే నెగ్గుకొచ్చింది. చివరి ఆట గెలిస్తే మూడో స్థానం, చిన్నదైనా కప్పు. తాడు కట్టిన హద్దుకు ఇవతల నిలబడి, ఆయన మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు.

అవతల కూర్చున్నది కళ్ళజోడు పిల్లాడు, తెల్లబలగం వాడిది. వాడు రాజు పక్కనున్న శకటు ముందరి బంటును ఒక గడి జరిపాడు. ఎందుకమ్మ పద్ధతిగా రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడిపింది. అప్పుడు వాడేం చేశాడు? తను జరిపిన బంటుకు మూలవైపు పక్కనున్నదాన్ని రెండు గళ్ళు ఎగదోశాడు! వాడి రాజుకు ఒక పక్క గోడ మొత్తం కూలిపోయింది. పిల్ల మంత్రికి దారి తెరిచే ఉంది. ఏటవాలుగా నాలుగు గళ్ళు జరిపితే ఆట కట్టు. ఇంతే! పదకొండేళ్ళలో ఇంత అప్పనంగా వచ్చిన గెలుపు ఆయన చూడలేదు.

పిల్ల చెయ్యి మంత్రి మీదికి వెళ్ళింది. ఆగింది. వెనక్కొచ్చి గుర్రాన్ని జరిపింది.

ఆయన తాడును పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అరవకూడదు, సైగ చెయ్యకూడదు. కళ్ళజోడు పిల్లాడు తప్పు తెలుసుకుని సర్దుకున్నాడు. గంటన్నర తర్వాత ఎందుకమ్మ ఓడిపోయింది. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే? రెండో ఎత్తులోనే ఆట కట్టేయొచ్చుగా! కనపడలేదా?"

"కనపడింది మాస్టారూ."

"కనపడిందా! మరి?"

"పది ఎత్తులు కాలేదుగా" అంది ఆ పిల్ల, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఎందుకని అడిగితే మీకు కోపం."

ఆయన తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని ఇంటికెళ్ళి భార్యతో చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు.

పెద్ద మేడమ్ అన్నంత పనీ చేసింది. మరుసటి గురువారం పిల్లలు పై అంతస్తులో ఇంగ్లీషు వల్లె వేస్తుంటే, కింద ఆయన గాజు గొట్టాలు కడుగుతూ ఉన్నాడు. పట్టరాని కోపంతో రుద్ది ఒకటి పగలగొట్టాడు కూడా. తలుపు దగ్గర అలికిడైంది. ఎందుకమ్మ, చంకలో చదరంగం అట్ట.

"క్లాసుకి పోలేదూ?"

"చెప్పే వచ్చాను. ఒక్క ఆట ఆడదామా?"

చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. తెల్లబలగం తనే తీసుకున్నాడు. రాజు పక్క శకటు ముందరి బంటు, ఒక గడి. పిల్ల రాజు బంటు, రెండు గళ్ళు. ఆయన మరో బంటు, రెండు గళ్ళు. అచ్చం కళ్ళజోడు పిల్లాడిలాగే.

పిల్ల అట్టను చూసింది. తలెత్తి గోడ మీది బోర్డును చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అడుగమ్మా" అన్నాడాయన. "అడుగు. ఈసారి తిట్టను."

పిల్ల బోర్డు వైపు వేలు చూపించి అడిగింది. "ఎందుకాగాలి మాస్టారూ?"

"ఆగక్కర్లేదు. నేనే తప్పు చేశాను."

ఆ పిల్ల మంత్రిని ఏటవాలుగా నాలుగు గళ్ళు జరిపింది.

"ఆట కట్టు, మాస్టారూ."